వియ్యంకులు మొదటిసారి భోజనానికి వస్తున్నారు, కొసరి వడ్డించాలా వద్దా?

పెన్నగట్టు అమ్మ (మంగళవారం, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా అమ్మాయి పెళ్ళి ఫిబ్రవరిలో అయింది, అల్లుడిది ఒంగోలు. పెళ్ళి హడావుడిలో వియ్యాలవారికి కుదురుగా కూర్చోబెట్టి ఒక ముద్ద పెట్టింది లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. వాళ్ళు తొమ్మిది మంది, మేము ఆరుగురం.

సమస్య వంట కాదు. మా అత్తగారికి 78 ఏళ్ళు, ఆమె లెక్కలో ఇంటికొచ్చిన మనిషి చెయ్యి అడ్డం పెట్టినా సరే మూడుసార్లు వడ్డించాలి, లేకపోతే పెట్టడం చేతకాని ఇల్లు అనుకుంటారు. నిన్న అమ్మాయి ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. మా వియ్యంకుడికి షుగర్ ఉందంట, పైగా వద్దు అని గట్టిగా చెప్పలేని మొహమాటస్తుడంట. పోయిన సంక్రాంతికి ఎవరో బంధువుల ఇంట్లో బలవంతంగా నాలుగు బొబ్బట్లు పెట్టేసరికి ఆ రాత్రి షుగర్ బాగా పెరిగి, పొద్దున్నే ఆసుపత్రికి పోయి రెండు రోజులు ఉండాల్సి వచ్చిందంట. "అమ్మా, మామయ్యని బలవంతం చేయొద్దు, అలాగని చప్పిడి కూడు పెట్టి పేషెంట్‌ని చూసినట్టు చూడొద్దు" అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

కొసరకపోతే పిసినారితనం, కొసరితే ఆయన ఆరోగ్యం. ఇంకో మాట, మా ఇంట్లో చేపల పులుసు లేకుండా చుట్టాల భోజనం అనేదే లేదు, ఒంగోలు వాళ్ళకి మన పులుసు నచ్చుతుందా? ఆకుల్లో నేల మీద పెట్టాలా, టేబుల్ మీదా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు ట్రంకురోడ్డు (మంగళవారం, రాత్రి 10:15)

అక్కా, ముందు చేపల సంగతి. మాకు కొత్తపట్నం సముద్రం పక్కనే, చేప ముఖం తెలియని వాళ్ళం కాదు. నెల్లూరు పోతున్నామంటే మేము ఎదురుచూసేదే మామిడికాయ వేసిన ఆ పులుసు కోసం. అది లేకుండా చికెన్ బిర్యానీ పెట్టి పంపిస్తేనే వెలితిగా ఉంటుంది.

కానీ వాళ్ళల్లో ఎవరు నీసు తింటారో, ఎవరు తినరో ఇప్పుడే అమ్మాయిని అడిగి కాగితం మీద రాసుకో. ఆదివారం కాబట్టి శనివారాల లెక్క లేదు, కానీ ఎవరికైనా మొక్కు ఉండొచ్చు, మాల ఉండొచ్చు. మా మేనత్త ఒకసారి అలాగే ఒకరింటికి పోయి నీసు తిననని అక్కడికక్కడ చెప్పలేక పెరుగన్నం తిని లేచి వచ్చింది. ఆ ఇంటావిడ ఆమె కడుపు బాగాలేదేమో అనుకుంది. ఒక్క ఫోన్‌తో పోయేది.

కందుకూరు మాస్టారు (మంగళవారం, రాత్రి 10:40)

అమ్మా, నాకు షుగర్ వచ్చి 22 ఏళ్ళు. మీ వియ్యంకుడి తరఫున నేను మాట్లాడతాను.

అన్నిటికంటే ముఖ్యం టైము. స్వీటు గురించి అందరికీ తెలుసు, టైము గురించి ఎవరికీ తెలియదు. మాలో చాలామంది భోజనానికి ముందు బిళ్ళ వేసుకుంటాం, కొందరు ఇన్సులిన్ పొడుచుకుంటారు. ఒంటిగంటకి భోజనం అన్నారని బిళ్ళ వేసుకున్నాక, ఇంకెవరో రావాలనో, ఫోటోలనో, వడ్డన రెండున్నరకి మొదలైతే షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, నోట మాట తడబడుతుంది. నాకు ఒక గృహప్రవేశంలో అలా అయితే పక్కనున్న వాళ్ళు ఎండదెబ్బ అనుకుని విసనకర్రతో విసిరారు. అప్పుడు కావాల్సింది నీళ్ళలో మూడు చెంచాల పంచదార, ఒక పావుగంట కూర్చోవడం. కాబట్టి ఒంటిగంట అంటే ఒంటిగంటే. ఆలస్యమయ్యేలా ఉంటే అరగంట ముందే ఆయనకి చెవిలో చెప్పండి.

రెండోది, రాగానే కూల్‌డ్రింకు, మామిడిపండు రసం చేతిలో పెట్టొద్దు. ఎండలో వచ్చారు కదా అని అందరూ చేసే పని అదే, మాకు అన్నం కంటే వేగంగా ఎక్కేది అదే. పల్చటి మజ్జిగలో కాస్త అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి అందరికీ ఇవ్వండి. అందరికీ ఒకటే ఇస్తే ఆయనకి వేరుగా ఇచ్చినట్టు ఉండదు.

మూడోది, "అన్నయ్యగారికి షుగర్ కదా, ఆయనకి స్వీటు వేయకండి" అని పదిమందిలో కేక వేయొద్దు. ఎంత ప్రేమతో అన్నా ఆ క్షణంలో నేను మనిషిని కాదు, రోగిని అయిపోతాను. ఆకులో అందరితో పాటు చిన్న ముక్క వేయండి. తినాలో వద్దో ఆయనే చూసుకుంటాడు. షుగర్‌ఫ్రీ మిఠాయి అని కొనకండి, అందులో పిండి, నెయ్యి ఎక్కడికీ పోవు.

మూలాపేట అత్తయ్య (బుధవారం, ఉదయం 6:20)

మాస్టారు గారు చెప్పింది వింటాను. కానీ కొసరడం మొత్తం తప్పన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. మొదటిసారి ఇంటికొచ్చిన వియ్యాలవారు కడుపు నిండినా నిండకపోయినా చాలంటారు, అది మర్యాద. వాళ్ళు చాలన్నారని మనం గరిటె దించేస్తే, అది మన మర్యాద కాదు. మనవైపు తినేవాడు అడగకూడదు, పెట్టేవాడు అడిగించుకోకూడదు. మధ్యలో కొసరడం లేకపోతే ఆకలితో లేచేవాళ్ళు ఎంతమందో.

ఆకుల్లోనే పెట్టమ్మాయ్. ఆకు కొస తినేవాళ్ళ ఎడమవైపుకి రావాలి, వెడల్పు వైపు కుడికి. ఆకు వేశాక నీళ్ళు చల్లుకోనివ్వాలి. ముందు ఆకు మూలన ఉప్పు, ఊరగాయ, తర్వాత తీపి, కూరలు, ఆ తర్వాతే అన్నం, పప్పు, నెయ్యి. నెయ్యి పడకుండా ఎవరూ కలపరు, అది గుర్తుపెట్టుకో, నెయ్యి గిన్నె పట్టుకున్న మనిషి అన్నం పెట్టే మనిషి వెనకే నడవాలి. గారెలు మూడు వేయొద్దు, రెండో నాలుగో వేయాలి. అన్నం అయిపోతే "అయిపోయింది" అనకూడదు, నిండుకుంది అనాలి. లేచేటప్పుడు ఆకుని తమ వైపుకి మడుస్తారు, అవతలికి మడిచేది చావు భోజనాల్లో. ఇవన్నీ ఈ కాలం పిల్లలకి ఎవరు చెప్తారు?

కావలి టు బెంగళూరు (బుధవారం, ఉదయం 8:05)

అత్తయ్యా, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా. పోయిన నెల మా ఊళ్ళో ఒక ఇంటి ఫంక్షన్‌లో బంతి లేచాక నేను ఆకులు ఎత్తాను. ఇరవై ఆకులు. ఒక్కదానికైనా పచ్చగా కనిపించే చోటు లేదు. సాంబారన్నం మీద పెరుగన్నం, దాని పక్కన తాకని లడ్డు, కొరికిన గారె. అందరూ చాలంటుండగా వేసినవే. ఆ చెత్తబుట్ట ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. అన్నం పరబ్రహ్మ అంటాం, మళ్ళీ మనమే చెయ్యి అడ్డం పెట్టిన మనిషి వేళ్ళ సందుల్లోంచి అన్నం వేస్తాం.

నాకు చిన్నప్పటినుంచీ ఇది భయం. మా పెద్దమ్మ వాళ్ళింటికి పోవాలంటే ముందు రోజు నుంచి టెన్షన్, కక్కుకునేదాకా పెడతారని. ఆమె మీద నాకు ప్రేమ ఉంది, ఆమె ఇంటికి పోవాలని మాత్రం లేదు. ఈ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు.

మూలాపేట అత్తయ్య (బుధవారం, ఉదయం 8:50)

చెయ్యి అడ్డం పెట్టినా వేయడం నేనూ తప్పే అంటాను నాయనా. నేను చెప్పే కొసరడం వేరు. గిన్నె పట్టుకుని ఆకు ముందు ఒక క్షణం నిలబడాలి. మనిషి మొహం చూడాలి. "ఇంకొక్క ముద్ద?" అనాలి. నిజంగా చాలినవాడు ఆకు మీద చెయ్యి చాపుతాడు, మొహమాటపడేవాడు నోటితో వద్దంటూనే చెయ్యి కదల్చడు. నలభై ఏళ్ళు వడ్డించాను, నాకు ఆ తేడా తెలుసు. గరిటె నిండా వేయకూడదు, సగం గరిటె వేసి మళ్ళీ రావాలి. గరిటె నిండా వేసి అవతలికి పోయేది హోటలు.

మీ పెద్దమ్మతో ఒకసారి నోరు తెరిచి చెప్పు. మా వయసు వాళ్ళం చెప్తే వింటాం.

మైపాడు గాలి (బుధవారం, మధ్యాహ్నం 1:30)

పులుసు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెప్తా. మాది సముద్రం ఒడ్డు.

వదినా, చుట్టాలకి, అందులోనూ పిల్లలుంటే, ముళ్ళు ఎక్కువుండే చేప పెట్టొద్దు. వంజరం పెట్టు, మధ్యలో ఒక్క వెన్నుముల్లు, చుట్టూ కండ. కొరమీను కూడా మంచిదే. బొమ్మిడాయిలు రుచికి రుచే గానీ అలవాటు లేనివాళ్ళు తెల్లచొక్కా వేసుకొచ్చి వాటితో అవస్థ పడతారు. కొత్త వియ్యాలవారి ముందు ఎవరూ నోట్లోంచి ముల్లు తీయడానికి ఇష్టపడరు, అందుకని ప్రతి ఆకు పక్కనా ముళ్ళకి ఒక చిన్న ప్లేటు పెట్టు. మా ఇంట్లో ఇది మా నాయన పెట్టిన అలవాటు, ఆ ప్లేటు కనబడితే వచ్చినవాళ్ళ మొహంలో బరువు దిగిపోతుంది.

తలకాయ ఎవరికి వేయాలో కూడా ముందే అడుగు. మనకి అది పెద్దవాళ్ళకి ఇచ్చే గౌరవం, కొందరికి దాన్ని చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

వండటం నీకు నేను చెప్పేదేముంది, అయినా మే నెల కాబట్టి ఒక మాట. మన పులుసు రాత్రి చేసి తెల్లారి తింటేనే రుచి, మామిడికాయ పులుపు ముక్కలోకి దిగాలి, నిజమే. కానీ ఈ ఎండల్లో రాత్రంతా బయట వదలొద్దు. శనివారం సాయంత్రం చేసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం పదకొండుకి బాగా మరిగేదాకా కాచు. చేప ముక్కలు వేసి ఒక పొంగు వచ్చాక మామిడి ముక్కలు వెయ్యి, ముందే వేస్తే కరిగి గుజ్జైపోతాయి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టొద్దు, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని ఊపు. దించేముందు మెంతులు, ఆవాలు వేయించి కొట్టిన పొడి. వడ్డించేటప్పుడు లోతు గరిటె కాదు, వెడల్పు గరిటెతో అడుగునుంచి ముక్కని ఎత్తి ఆకు మీదకి జార్చు, విరిగిన ముక్క చుట్టాల ఆకులోకి పోకూడదు.

స్వర్ణాల చెరువు (బుధవారం, సాయంత్రం 5:10)

అక్కా, మేము ముస్లింలం, బారాషహీద్ దర్గాకి దగ్గర్లోనే మా ఇల్లు. మొహర్రం నెలలో రొట్టెల పండుగ వస్తే ఊళ్ళ నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు అందరూ మా ఇంట్లోనే దిగుతారు. పేరు కూడా తెలియని వాళ్ళకి అన్నం పెట్టిన రోజులున్నాయి. అందుకని రెండు మాటలు చెప్తా.

మా ఇంట్లో దస్తర్‌ఖాన్, అంటే భోజనానికి వేసే గుడ్డ, పరిచాక అందరికంటే ముందు చేతులు కడిగించడం. మా అబ్బా తనే చెంబు, పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయేవాడు. వాష్‌బేసిన్ ఉన్నా సరే. ఇంటి పెద్ద వచ్చి చేతుల మీద నీళ్ళు పోస్తే ఆ మనిషికి ఈ ఇల్లు పరాయిది కాదనిపిస్తుంది. ఇంకోటి, ఇంటివాళ్ళలో ఒకరు తప్పకుండా వాళ్ళతో కలిసి తినాలి, అందరికంటే చివర లేవాలి. మీవైపు ఇంటివాళ్ళు తర్వాత తింటారని తెలుసు. కానీ అందరూ నిలబడి చూస్తుంటే తినేవాళ్ళకి గొంతు దిగదక్కా. మీవారిని వియ్యంకుడి పక్కన కూర్చోబెట్టు. ఈయన నెమ్మదిగా తింటే ఆయనా నెమ్మదిగా తింటాడు, ఈయన చాలంటే ఆయనకి చాలనడం తేలికవుతుంది.

నేల మీద కూర్చోవడం అందంగానే ఉంటుంది కానీ వాళ్ళల్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే? సగం మంది కింద, సగం మంది పైన వద్దు, అందరికీ టేబుల్ మీద ఆకులు వేయి.

బుచ్చిరెడ్డిపాళెం వంటలు (బుధవారం, రాత్రి 9:00)

నేను వంటల పని చేస్తాను, ఇళ్ళ దగ్గర చిన్న ఫంక్షన్లకి. పదిహేను మందికి లెక్క చెప్తా, అక్కడే అందరూ తప్పుతారు.

బియ్యం రెండు కిలోలు చాలు, పాతబియ్యమైతే ఇంకొంచెం తక్కువే పడుతుంది. మనకి మొలగొలుకుల బియ్యం దొరికితే దాని రుచే వేరు, చుట్టాలకి అదొక విశేషం. వంజరం మూడు కిలోలు తీసుకో, శుభ్రం చేశాక పావు వంతు పైనే పోతుంది, మనిషికి రెండు ముక్కలు వస్తాయి. చింతపండు 150 గ్రాములు, మామిడికాయలు పులుపుని బట్టి మూడు. కందిపప్పు అర కిలో. రొయ్యల వేపుడు పెట్టాలనుకుంటే కిలో రొయ్య ఒలిస్తే సగం తేలుతుంది, దానికి తగ్గట్టు తెచ్చుకో. ఎర్రగడ్డలు రెండు కిలోలు ఉంచుకో. పెరుగుకి రెండు లీటర్ల పాలు, ఈ ఎండకి శనివారం పడుకోబోయే ముందు తోడు వేసి తెల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టు, లేకపోతే మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

ఐటమ్స్ తగ్గించు అక్కా. పద్నాలుగు రకాలు పెడితే దేని రుచీ నాలుక మీద నిలవదు, వండినావిడ మాత్రం సోఫాలో కూర్చుని వియ్యపురాలితో పది నిమిషాలు మాట్లాడే ఓపిక లేకుండా పోతుంది. పప్పు, ఒక వేపుడు, పులుసు, ఒక పచ్చడి, చారు, పెరుగు, ఒక తీపి. అంతే. మా వాళ్ళు వినరు గానీ నేను ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్తా.

వడ్డనకి ఉదయగిరి చెక్క గరిటెలు ఉంటే తీయి. కర్రతో చేతిపని, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. గరిటె గిన్నెకి తగిలి టంగుమనకుండా వడ్డన జరుగుతుంటే ఆ మాటల సందడి ఎంత బాగా వినబడుతుందో.

కొండపి కుర్రాడు (బుధవారం, రాత్రి 11:25)

అక్కా, ఒంగోలు నుంచి నెల్లూరు 120 కిలోమీటర్ల పైన, తొమ్మిది మంది వస్తున్నారంటే బండి మాట్లాడుకుని వస్తారు. డ్రైవర్‌ని లెక్కలో వేశారా? పదిహేను కాదు, పదహారు.

నేను ఐదేళ్ళు బాడుగ కారు నడిపాను. ఎన్నో ఇళ్ళకి పెళ్ళిచూపులకి, పురుళ్ళకి తీసుకుపోయాను. చాలా ఇళ్ళల్లో బాగా చూసుకున్నారు, అబద్ధం చెప్పకూడదు. కానీ ఒక ఇల్లు మర్చిపోలేను. ఊరు పేరు చెప్పను. లోపల ఆకులు వేశారు, నాకు బయట అరుగు మీద పేపర్ ప్లేటు పెట్టారు. సరే అనుకున్నా. భోజనం అయ్యాక మంచినీళ్ళు అడిగా. లోపలినుంచి ఒకామె చెంబుతో వచ్చింది, గ్లాసు తేలేదు. "చేతులు పట్టు" అంది. దోసిలి పట్టా. పైనుంచి పోసింది, సగం మోచేతుల మీదుగా చొక్కాలోకి పోయాయి. ముందు నా ఊరు అడిగి, తర్వాత మా నాయన ఏం చేస్తాడని అడిగి, ఆ తర్వాత తెచ్చిన చెంబు అది. నా బండిలో వచ్చినవాళ్ళు కిటికీలోంచి చూశారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం "భోజనాలు ఎంత బాగున్నాయో" అని దారంతా చెప్పుకున్నారు.

ఆకు కొస ఏ వైపు ఉండాలో ఇంత వివరంగా రాసుకున్నాం. దీని గురించి కూడా రాయాలనిపించింది.

పెన్నగట్టు అమ్మ (గురువారం, ఉదయం 5:40)

తమ్ముడూ, నిజం చెప్తున్నా, నేను లెక్కలో వేయలేదు. చదివాక రాత్రి మళ్ళీ లేచి కూర్చున్నా. పదహారు ఆకులు వేస్తాను. వరసలోనే.

మూలాపేట అత్తయ్య (గురువారం, ఉదయం 10:15)

మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి పదకొండేళ్ళుగా వంటింటి కిటికీలో ఒక గ్లాసు వేరే ఉంది. నేను పెట్టింది కాదు, మా అత్తగారు పెట్టింది, నేను తీయలేదు. రాత్రి ఈ బాబు రాసింది చదివాను. పొద్దున ఆ గ్లాసు తీసి లోపలి గ్లాసుల్లో కలిపేశాను. ఆ అమ్మాయి వచ్చి కాఫీకి కిటికీ దగ్గర వెతికింది. "ఇందులో తాగమ్మా" అని మా గ్లాసులో పోసి ఇచ్చాను. తను ఏమీ అనలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. పదకొండేళ్ళు. నాకు ఇంకేం రాయాలో తెలియడం లేదు.

కందుకూరు మాస్టారు (గురువారం, ఉదయం 11:00)

అమ్మా, రాశారు, అది చాలు.

కావలి టు బెంగళూరు (గురువారం, రాత్రి 8:30)

ఇవాళ మా పెద్దమ్మకి ఫోన్ చేశా. "నీ కూర కోసం వస్తా, నేను చాలంటే ఆపేస్తానని మాటిస్తేనే వస్తా" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు తక్కువ తింటే నా వంట బాగాలేదేమో అనుకునేదాన్నిరా" అంది. ఇన్నేళ్ళూ నాకిది తట్టనేలేదు.

పెన్నగట్టు అమ్మ (ఆదివారం, రాత్రి 10:30)

అయిపోయింది, అందరూ బయల్దేరి క్షేమంగా చేరారని ఫోన్ కూడా వచ్చింది. కాళ్ళు లాగుతున్నాయి గానీ రాయకుండా పడుకోలేను.

పదకొండుంబావుకి వచ్చారు. మజ్జిగ ఇచ్చాం, తర్వాత తాటి ముంజలు. టిఫిన్ పెట్టాలని మా ఆయన పట్టుబట్టాడు, పెడితే మధ్యాహ్నం ఎవరూ తినరని ఆపాను. పన్నెండున్నరకి కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, నాకు గుండె ఆగినంత పనైంది. టేబుళ్ళు తీసుకొచ్చి వెనక వేపచెట్టు కింద వేశాం. అదే మంచిదైంది, గాలి తగిలింది. సరిగ్గా ఒంటిగంటకి ఆకులు వేశాం. మాస్టారు గారూ, మీకు దండం, వియ్యంకుడు గారు పన్నెండున్నరకే గది పక్కకి వెళ్ళి ఏదో బిళ్ళ వేసుకోవడం నేను చూశాను. మీరు చెప్పకపోతే కరెంటు వచ్చేదాకా ఆగుదామని అనేదాన్ని.

డ్రైవర్‌ని పిలిస్తే మొదట రానన్నాడు, అందరూ తిన్నాక తింటానన్నాడు. మా ఆయన వెళ్ళి భుజం మీద చెయ్యివేసి తీసుకొచ్చి వరసలో చివరన, మా పెద్దబ్బాయి పక్కన కూర్చోబెట్టాడు. వియ్యాలవారిలో ఒక పెద్దాయన ఒకసారి తల తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. నేను పులుసు గిన్నె నేరుగా ఆ అబ్బాయి దగ్గరికే తీసుకుపోయి వడ్డించాను.

మా అత్తగారికి ముందే మూలాపేట అత్తయ్య మాట చెప్పాను, చెయ్యి చాపితే ఆగాలి, చెయ్యి కదలకపోతే సగం గరిటె అని. ఆమెకి అది చాలా నచ్చింది, నెయ్యి గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి చేతి వైపే చూస్తూ నడిచింది. వియ్యంకుడు గారు చేప రెండుసార్లు వేయించుకున్నారు, అన్నం కొంచెమే, పప్పు, కూర ఎక్కువ తిన్నారు. పరమాన్నం అందరితో పాటు ఒక గరిటె వేశాం. వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకుని, మిగతాది పక్కనున్న మనవడి ఆకులోకి తోశారు. ఎవరూ చూడలేదనుకున్నారు. నేను చూసి అటు తిరిగాను. మా అత్తగారు రెండోసారి పరమాన్నం గిన్నెతో ఆయన దాకా వచ్చింది. ఆయన ఆకు మీద చెయ్యి చాపారు. ఆమె ఆగి, "మంచినీళ్ళు పోయనా అబ్బాయా?" అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అందరూ ఆకులు తమ వైపుకే మడిచి లేచారు. తాంబూలం ఇచ్చాం. వియ్యపురాలు నేరుగా వంటింట్లోకి వచ్చి పులుసు గిన్నె మూత తీసి చూసి, అడుగున మిగిలిన నాలుగు ముక్కలు రాత్రికి తనకి కట్టివ్వమని అడిగింది. అడగడమే నాకు పెద్ద సంతోషం. మా చిన్న స్టీలు క్యారియర్‌లో పోసిచ్చాను.

ఇప్పుడు ఒక సందేహం. ఆమె తెచ్చిన మురుకుల డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది, పెద్ద స్టీలు డబ్బా, మూత మీద వాళ్ళ అత్తగారి పేరు చెక్కించి ఉంది. వచ్చే వారం అమ్మాయి వస్తే ఇచ్చి పంపాలి. ఖాళీగా ఇవ్వకూడదు కదా, మలై కాజా వేద్దామంటే ఆ ఇంట్లో షుగర్ మనిషి ఉన్నారు. ఏం వేయను?

మూలాపేట అత్తయ్య (ఆదివారం, రాత్రి 10:50)

నిమ్మకాయ ఊరగాయ వద్దు, స్టీలులో పులుపు ఆగదు. మినపవడియాలు పెట్టు, ఈ ఎండలకి రెండు రోజుల్లో ఎండుతాయి. పైన కాస్త కరివేపాకు వెయ్యి. మూత గట్టిగా పెట్టు, బస్సులో ఊడిపోతుంది.

ఒంగోలు ట్రంకురోడ్డు (ఆదివారం, రాత్రి 11:05)

అక్కా, మీ క్యారియర్ కూడా అక్కడ ఉంది కదా, అది కూడా ఖాళీగా రాదు చూడు.